తెరమీది ముఖము – తెరవెనుక చేయి

చలనచిత్రములను గూర్చి మన భాషలో వెలువడుచున్న విమర్శలను చదువువారికి ఒక విషయము సులభముగా బోధపడును. చిత్రము బాగుగా నున్నచో కీర్తి దర్శకునకును కథానాయకునకును చెందును. బాగుగా లేనిచో నింద కథమీదికి పోవును. స్త్రీని గూర్చి విమర్శకుడు వ్రాయు రెండు మూడు వాక్యములు ఆమె రూపమును, చీరలను, కన్నీటిని గూర్చినవై యుండును. ఆమె ముఖమును పొగడుటలో మనవారు ఎన్నడును పిసినితనము చూపలేదు. ఆ పొగడ్తయే ఆమె చేతిపనిని మఱపించుచున్నదని మా యభిప్రాయము. ఈ వ్యాసమున దానినే నిరూపింప దలచితిమి.

ముఖమునకును చేతికిని గల ఈ భేదమును మా ప్రాంతపు చదువరులకు క్రొత్తగా బోధింపవలసిన పనిలేదు. జలంత్రకోట మొదలుకొని పలాస, టెక్కలి వఱకు గల ఉద్దానపు సీమలో పండిన జీడిపిక్కలు పలాస–కాశీబుగ్గలోని కర్మాగారములకు చేరును. అచ్చట పిక్కను కొట్టి, పప్పును వెలికిదీసి, పొట్టు ఒలిచి, గుండును బద్దను ముక్కను వేఱుచేయు పని అధికముగా స్త్రీలదే. పెంకులోని నూనె చేతులను కాల్చును. డబ్బామీద వ్యాపారి పేరుండును. 240, 320 అను అంకెలుండును. పౌనుకు ఎన్ని పప్పులు తూగునో ఆ యంకె చెప్పును. ఒలిచిన చేయి ఎవరిదో ఏ యంకెయు చెప్పదు. విఱుగని తెల్లపప్పును చూచి మెచ్చుకొనువాడు, దానిని విఱుగకుండ వెలికిదీసిన నేర్పునే మెచ్చుకొనుచున్నానని యెఱుగడు. చలనచిత్రమును చూచి మెచ్చుకొనువాని స్థితియు నిట్టిదే.

మన దేశపు చలనచిత్ర చరిత్రలో మొదటి పుటనే తెఱచి చూతము. దాదాసాహెబు ఫాల్కే గారి ‘రాజా హరిశ్చంద్ర’ 1913 మే 3వ తేదీన బొంబాయిలో ప్రజల యెదుట ప్రదర్శింపబడెను. అందు తారామతి వేషము ధరించినది సాళుంకే యను పురుషుడు; నటించుటకు స్త్రీ దొరకలేదు. ఈ సంగతిని చరిత్రకారు లందఱును వ్రాసిరి. మనమును తఱచుగా నవ్వుకొనుచు చెప్పుకొందుము. కాని ఆ ఫిలిముచుట్ట యంచులకు రంధ్రములు పొడిచిన దెవరు? చీకటిగదిలో రసాయనములు కలిపి దానిని కడుగుటలో చేయిచ్చిన దెవరు? పనివారందఱికిని అన్నము వండి పెట్టిన దెవరు? ఫాల్కే గారి భార్య సరస్వతీబాయి గారు. ఆ ప్రయత్నమునకు ఆమె నగలు సైత మక్కఱకు వచ్చినవి. రంధ్రము సరిగా పడనిచో చుట్ట యంత్రమున కదలదు. చుట్ట కదలనిచో హరిశ్చంద్రుడును లేడు, తారామతియు లేదు. కావున మన మొదటి పెద్దచిత్రమున స్త్రీ ముఖము లేదనుట నిజమే; స్త్రీ చేయి లేనిచో ఆ చిత్రమే లేదనుటయు నంతే నిజము. మొదటి మాట ప్రతి గ్రంథమునను గలదు. రెండవ మాటను వెదకికొనవలసి యున్నది.

ఇది మన దేశమునకు మాత్రమే పట్టిన దోషము కాదు. ఫ్రాన్సు దేశమున జార్జి మెలియే గారు 1902లో ‘చంద్రలోకయాత్ర’ చిత్రమును తీసిరి. ఆనాటి ఫిలిమునకు రంగులు లేవు. అట్టి చిత్రములకు రంగులు వేయుటకు పారిసునగరమున ఎలిసబెత్ త్యుయ్యే అను నామె ఒక కర్మశాల నడపిరి. ఇన్నూఱుమంది స్త్రీలు అచ్చట గూర్చుండి, బొటనవ్రేలి గోరంత బొమ్మలమీద సన్నని కుంచెతో, ఒక్కొక్కరు ఒక్కొక్క రంగు చొప్పున అద్దెడివారు. రంగులు వేసిన ఆ చంద్రలోకయాత్ర ప్రతి యొకటి 1993లో బార్సిలోనాలో దొరకెను. 2011లో అది పునరుద్ధరింపబడి మరల తెరకెక్కెను. మెలియే పేరు బడిపిల్లలు సైత మెఱుగుదురు. ఆ ఇన్నూఱుమందిలో ఎందఱి పేర్లు మిగిలినవి? ఆ దేశమందే ఆలిస్ గీ అను నామె గోమాన్ సంస్థలో కార్యదర్శినిగా చేరి, 1896 ప్రాంతముననే చిత్రములు తీయ నారంభించి, దర్శకత్వము వహించిన స్త్రీలలో మొట్టమొదటిది యయ్యెను. వృద్ధాప్యమున, తాను తీసిన చిత్రములు తనవే యని నిరూపించుకొనుటకై ఊరూరను వెదకుకొనవలసి వచ్చెను. 1968లో ఆమె మరణించిన పిమ్మట, 1976లో గాని ఆమె స్వీయచరిత్ర అచ్చుకాలేదు.

ఇక మన తెలుగు చిత్రముల సంగతి విచారింతము. దాసరి కోటిరత్నము గారు నాటకరంగమున పేరొందిన నటి. 1935లో కలకత్తాలో తయారైన ‘సతీ సక్కుబాయి’ చిత్రనిర్మాణమున ఆమె భాగస్వామిని. తెలుగు చిత్రనిర్మాత్రులలో ఆమెయే మొదటివారని చెప్పుదురు. భానుమతీ రామకృష్ణ గారు భర్తతో కూడి భరణీ సంస్థను నెలకొల్పి, 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషలు మూడింటను తామే దర్శకత్వము వహించి తీసిరి. మూడు భాషలలో మూడు మారులు నటించుట యొక కష్టము. మూడు మారులు నటింపజేయుట వేఱొక కష్టము. విజయనిర్మల గారు 1973లో యద్దనపూడి సులోచనారాణి గారి నవల నాధారముగా గొని ‘మీనా’ తీసిరి. నలువదికి పైగా చిత్రములకు దర్శకత్వము వహించి 2002లో గిన్నిసు గ్రంథమున కెక్కిరి. ఈ మువ్వురిని గూర్చి మనము సామాన్యముగా చెప్పుకొను మాట లేమి? కోటిరత్నము గారి గాత్రము, భానుమతి గారి పొగరు, విజయనిర్మల గారి యందము. నిర్మాతగా పెట్టుబడి ఎట్లు తెచ్చిరి, దర్శకురాలుగా దృశ్యము నెట్లు కూర్చిరి అను ప్రశ్నలను మన విమర్శకులు వేసిన సందర్భములు అరుదు.

ఈ యుపేక్షకు సావిత్రి గారి చరిత్రము మంచి దృష్టాంతము. ఆమె 1968లో ‘చిన్నారి పాపలు’ చిత్రమునకు దర్శకత్వము వహించిరి. నిర్మాత వీరమాచనేని సరోజిని గారు, సంగీతము పి. లీల గారు. ముఖ్యమైన శాఖలను స్త్రీలే వహించి ఒక తెలుగు చిత్రమును తీసి నిలిపిరన్నమాట. అది ధనము తేలేదు. ఐనను ఆమె మానలేదు. 1969లో ‘మాతృదేవత’, 1971లో తమిళమున ‘ప్రాప్తం’ తీసిరి. ధనము తేని చిత్రములు తీసిన పురుషు లెందఱో కలరు. వారిని మనము ‘ప్రయోగశీలురు’ అని గౌరవింతుము. సావిత్రి గారి దర్శకత్వమును మాత్రము ఆమె పతనమున కొక మెట్టుగా చెప్పి ఊరకుందుము.

2018లో నాగ్ అశ్విన్ గారు తీసిన ‘మహానటి’ ఈ విషయమున ఏమి చేసినదో చూతము. చిత్రము గొప్పది, దానిని తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. దాని కథాసంవిధానమున ఒక చక్కని యూహ కలదు. మధురవాణి యను పత్రికావిలేఖరి, స్పృహ తప్పి పడియున్న సావిత్రి గారి జీవితమును తెలిసికొనుటకై ఇల్లిల్లు తిరిగి, ఒకరి మాటను మఱియొకరి మాటతో పోల్చి చూచుకొనుచు కథను కూర్చును. పోగొట్టుకొన్న స్త్రీ చరిత్రను మఱియొక స్త్రీ యేఱి కూర్చుట యను ఈ సంవిధానము మన విమర్శకులకు పాఠము కావలసినది. కాని ఆ విలేఖరి యేఱుకొన్న దేమి? ప్రేమ, పెండ్లి, దానగుణము, మధువు, దుఃఖము. దర్శకత్వ ఘట్టము స్వల్పకాలములో దాటిపోవును. కెమెరాను ఎచ్చట నిలిపిరి, తోడి నటులకు ఏమి బోధించిరి, కూర్పుబల్లవద్ద దేనిని తీసివేసిరి అను విషయములు మధురవాణికి అక్కఱలేకపోయినవి. నటిగా పండ్రెండేండ్లకు పైగా పెద్ద దర్శకుల పని చూచిన స్త్రీ, తాను దర్శకురాలైనపుడు దేనిని గ్రహించినది, దేనిని విడిచినది అనునది కన్నీటికి తీసిపోని కథ.

ఆ చిత్రమునకు వచ్చిన విమర్శలు మఱింత విచిత్రములు. కీర్తి సురేష్ గారు సావిత్రి గారిని ఎంతగా పోలియుండిరో చెప్పుటకు వెచ్చించిన సిరాకు మితము లేదు. ఆమెకు ఉత్తమనటిగా జాతీయ పురస్కారము వచ్చుట న్యాయమే. అదే చిత్రమునకు ఉత్తమ వస్త్రాలంకరణ పురస్కారమును వచ్చెను. దానిని ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావు గార్లు పంచుకొనిరి. ఆ పోలికలో సగము నేతలోను కుట్టులోను ఉన్నది. చిత్రమును నిర్మించినవారు స్వప్నాదత్, ప్రియాంకాదత్ గార్లు. ఈ పేర్లను చదువరులలో ఎందఱు జ్ఞాపక ముంచుకొనిరో ఎవరికి వారే ప్రశ్నించుకొందురు గాక.

కంఠముల సంగతియు విచారింపవలసి యున్నది. 1943 నాటి ‘భాగ్యలక్ష్మి’లో కమలా కోట్నీసు గారి పెదవులు కదలగా వినవచ్చిన పాట రావు బాలసరస్వతీదేవి గారిది. 1949లో హిందీ ‘మహల్’ చిత్రపు పాట గ్రామఫోను పలకపై అచ్చయినపుడు గాయనిగా చిత్రములోని పాత్ర పేరైన కామిని యని వేసిరి. పాడినది లతా మంగేష్కరు గారు. లేని మనిషి పేరు అచ్చయినది గాని ఉన్న మనిషి పేరు కాలేదు. గాయనీమణులు పోరాడి తమ పేరు సాధించుకొనిరి. సంభాషణలకు గాత్రమిచ్చు స్త్రీలకు ఆ భాగ్యము ఇంకను పూర్తిగా కలుగలేదు. 2010లో వచ్చిన ‘ఏ మాయ చేసావే’లో సమంత గారి పాత్ర పలుకులు చిన్మయి గారివి. మనము నటి యభినయమును మెచ్చుకొనునపుడు ఆ మెప్పులో కంఠమునకు ఎంత పాలో విడదీసి చెప్పుట విమర్శకుని ధర్మము. నంది పురస్కారములలో డబ్బింగు కళాకారిణులకు వేఱుగా నొక పురస్కార ముండెడిది. ప్రభుత్వము గుర్తించిన పనిని విమర్శకుడు గుర్తింపకుండుట తగునా?

పేరు చెడుటకు విమర్శ యొక కారణము, భాండాగారము రెండవది. చిత్రములను భద్రపఱచు స్థలమున ప్రతి చుట్టకు ఒక పత్ర ముండును. అందు చిత్రము పేరు, సంవత్సరము, దర్శకుడు, నటీనటులు అను గడులుండును. ఏ పనికి గడి లేదో ఆ పని చేసినవారి పేరు ఎక్కదు; ఎక్కని పేరు వెదకువానికి దొరకదు; దొరకనిది లేదని చరిత్రకారుడు వ్రాయును. ఇట్లు ఒక గుమాస్తా గీచిన గీతలు ఒక తరము చరిత్రను నిర్ణయించును. తెలుగువారి మొదటి టాకీ ‘భక్తప్రహ్లాద’ ప్రతి నేడు లభ్యము కాదు. అది 1931 సెప్టెంబరులో విడుదలయ్యెనని మనము చిరకాలము నమ్మితిమి. పాత పత్రికల ప్రకటనలను సెన్సారు వివరములను పరిశీలించి రెంటాల జయదేవ గారు 1932 ఫిబ్రవరి 6 అని తేల్చిరి. తొలి చిత్రపు తేదీయే ఇట్లు తాఱుమాఱైనపుడు, దానికి వేషములు కుట్టినవారి మాట యెవరు చెప్పగలరు? పూనాలో 1964లో నెలకొల్పబడిన జాతీయ చలనచిత్ర భాండాగారమునందు 2003లో నిప్పంటుకొని పాత నైట్రేటు ఫిలిము ఎంతయో దగ్ధమయ్యెను. చుట్ట కాలినపుడు ముఖమునకు ఛాయాచిత్రమైన మిగులును. చేతికి పేరు తప్ప వేఱు ఆధారము లేదు.

ఈ భాండాగారములను నిలిపినవారిలోను స్త్రీలు కలరు. 1935లో న్యూయార్కునందలి ఆధునిక కళాప్రదర్శనశాలలో చలనచిత్రశాఖ నారంభించి చిత్రములను సేకరించినవారు ఐరిస్ బారీ గారు. పారిసులోని సినిమాతెక్ అనగానే ఆన్రీ లాంగ్ల్వా పేరు చెప్పుదురు. నాజీలు ఫ్రాన్సు నాక్రమించిన కాలమున, యూదుజాతికి చెందిన లోటె ఐస్నర్ గారు మాఱుపేరుతో తలదాచుకొనుచు, అచ్చట దాచిన డబ్బాలను ఒక్కొక్కటిగా విప్పి పట్టిక వ్రాసిరి. యుద్ధానంతరము 1975 వఱకు ఆ సంస్థకు ప్రధాన సంరక్షకురాలుగా పనిచేసిరి. ఇక మన సంగతి. ‘గాంధీ’ చిత్రమునకు వస్త్రములు రూపొందించి ఆస్కారు పొందిన మొదటి భారతీయురాలు భాను అథయ్య గారు 2012లో ఆ ప్రతిమను భద్రపఱచుటకై అమెరికాలోని అకాడమీకే తిరిగి యప్పగించిరి. ఒక జాతి తన బిడ్డ సాధించిన వస్తువును దాచుకొనగలదని ఆ బిడ్డకే నమ్మకము కలుగకపోవుట కంటె సిగ్గుపడవలసిన విషయ మేమున్నది?

మా మాటకు కొందఱు ఆక్షేపణలు చెప్పుదురు. తెరవెనుక పేరులేక శ్రమించు పురుషులును వేలకొలది కలరు గదా, స్త్రీలను మాత్రమే యేల యెత్తుకొందు రని యందురు. దీపములు మోసినవాని పేరును వ్రాయవలసినదే, మేము కాదనము. కాని పురుషుడు సహాయకుడుగా చేరి దర్శకుడగుటకు త్రోవ కలదు. అట్లయిన పిమ్మట అతని పాత పనియు చరిత్ర కెక్కును. స్త్రీ చేసిన పని భర్తకు సహాయమనియో, ఇంటిపని వంటిదనియో లెక్కింపబడి, పని యను పేరునే పోగొట్టుకొనుచున్నది. సరస్వతీబాయి గారు చేసిన దానిని జీతగాడు చేసియున్నచో అతనిని సాంకేతికు డనెడివారము. మఱికొందఱు, కళకు కర్త యొక్కడే, పేర్ల పట్టిక చదువుట విమర్శ కాదందురు. పట్టిక విమర్శ కాదు, నిజమే. కాని ఏ గుణము ఎవరి చేతినుండి వచ్చినదో తెలియక చేయు విమర్శయు విమర్శ కాదు. కూర్పులోని వేగమును దర్శకునకు, నవలలోని సంభాషణను నటునకు కట్టబెట్టువాడు పొగడగలడే కాని గుణమును నిర్ణయింపలేడు.

మూడవ యాక్షేపణ యేమనగా, ఆ స్త్రీలే తమ పేరు కోరలేదు గదా యని. కోరలేదో, అడిగినవారు లేరో! 1986లో స్త్రీశక్తి సంఘటన వారు తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీలను స్వయముగా అడిగి, వారి మాటలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రకటించిరి. పోరాటమును గూర్చి అంతకు మునుపు గ్రంథములు లేకపోలేదు. అడుగుట మాత్రమే లేదు. అడిగిన వెంటనే అన్నము వండుట, వార్తలు చేరవేయుట, బిడ్డలను విడుచుట మున్నగు పనులన్నియు చరిత్రగా మాఱినవి.

కావున చేయదగిన పనులు మూడు. మొదటిది విమర్శకునిది: ఒక చిత్రమును మెచ్చునపుడు మెచ్చిన గుణము పేరును, ఆ గుణము నిచ్చిన మనిషి పేరును కలిపి వ్రాయవలెను. రెండవది భాండాగారమువారిది: పత్రములో గడులు పెంచి, ఉన్న చిత్రములలోని పేర్లను కాగితమున కెక్కింపవలెను. మూడవది మనందఱిది. మన జిల్లాలో దీనికి త్రోవ చూపినవారు కలరు. కాళీపట్నం రామారావు గారు 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించి, పాత పత్రికలలో చెదలు పట్టుచున్న తెలుగు కథలకు ఇల్లు కట్టిరి. చలనచిత్రముల పాటల పుస్తకములకు అట్టి యిల్లు వలదా? ఒకప్పుడు డేరాలలోను హాళ్ళలోను అమ్మిన ఆ చిన్ని పుస్తకములలో కథాసంగ్రహముతోబాటు పనిచేసినవారి పేర్లును అచ్చయి యుండెడివి. చుట్టలు కాలిపోయిన చిత్రములకు అవియే మిగిలిన సాక్ష్యములు. వానిని చీరల మడతలలోను ట్రంకుపెట్టెలలోను దాచినది, పాటలయందలి మక్కువచేత, తఱచుగా మన యిండ్లలోని స్త్రీలే. పాతకాగితముల వానికి తూకమునకు వేయక మునుపు ఒక్కమారు పుట త్రిప్పి చూడుడని మా ప్రార్థన.

2020లో ‘పలాస 1978’ అను చిత్రము వచ్చినపుడు మన యూరి పేరు తెరపై కనబడెనని ఈ ప్రాంతమువారు సంతసించిరి. ఆ సంతోషము తప్పు కాదు; పేరునకు గల విలువ మనకు తెలియునని అదియే చాటుచున్నది. ఊరికి ఇచ్చిన ఆ విలువను చేతికిని ఇత్తుము గాక. చిత్రము ముగిసిన పిమ్మట తెరపై పేర్లు నడచునపుడు ప్రేక్షకులు లేచి వెడలిపోవుట మన యలవాటు. ఇక మీదట రెండు నిమిషములు ఆగి, వానిలో స్త్రీల పేర్లను చదువుడు. చదివినవానిలో ఒక్క పేరును ఇంటికి తీసికొనిపోయి, ఆమె చేసిన పని యేమో విచారించి తెలిసికొనుడు. నిజమైన విమర్శకు అదియే మొదలు.